చేసేదేమీ లేదన్న మాట

"ఇంక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపోండి." ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగికి మన పట్టణాల్లో తరచు దొరికే చివరి మందుచీటీ ఇదే. శాస్త్రం పేరిట చెలామణి అవుతున్న ఈ మాటలో శాస్త్రమన్నది లేదు.

మా మేనమామ బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ కార్మికుడు. 1937లో మొదలైన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. తరువాత రెండేళ్ళకు ఆయన మంచం పట్టాడు. అత్తమ్మ, ఆ జిల్లాలో వేలాది ఆడవాళ్ళలాగే, వెయ్యింటికి ఇంతని బీడీలు చుట్టేది. ఆయన జీవితమంతా బీడీలు తాగాడు. నొప్పికంటె ఆయాసమే ఆయనను ఎక్కువ భయపెట్టింది. "దమ్ము అందుతలేదురా అల్లుడా" అంటూ రాత్రంతా కూర్చునే ఉండేవాడు. నిజామాబాదులో ఒక డాక్టరు పై మాటే చెప్పి పంపించాడు. మార్ఫీన్ సంగతి ఎత్తితే "అలవాటు పడతాడు" అన్నాడు. నెలలు మాత్రమే మిగిలిన మనిషికి అలవాటు భయం!

చేయవలసినది ఎంతో ఉన్నదని హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో, బాధ తగ్గించే విభాగానికి వెళ్ళాక తెలిసింది. నోటి ద్వారా కొద్ది మోతాదులో ఇచ్చే మార్ఫీన్ నొప్పినే కాక ఆయాసపు బాధను కూడా తగ్గిస్తుంది. కొలిచి, కొద్దికొద్దిగా పెంచితే ఊపిరి ఆపదు. మలబద్ధకం దాదాపు తప్పదు గనుక విరేచనపు మందు మొదటి రోజునుంచే జోడించాలి. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే తీయవచ్చు. ఎముకకు పాకిన నొప్పికి ఒక్కసారి రేడియేషన్ ఇచ్చినా ఉపశమనం కలుగవచ్చు. రక్తంలో ప్రాణవాయువు తగ్గనివారికి ముఖానికి తగిలే టేబుల్ ఫ్యాను గాలి సిలిండరుకు తీసిపోదు. దగ్గులో రక్తం పడుతుంటే పక్కన ముదురు రంగు తువాలు ఉంచమన్నది అక్కడి నర్సు. తెల్లగుడ్డ మీద ఎరుపు చూస్తే రోగితోపాటు ఇల్లంతా బెదిరిపోతుందట. ఆ తువాలును నేను ఏ వైద్యగ్రంథంకంటెను తక్కువగా చూడను. మామ చివరి వారాల్లో రాత్రిళ్ళు నిద్రపోయాడు.

మరి ఇంత చవకైన మాత్ర మా ఊరికి ఎందుకు రాలేదు? నల్లమందు మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలాల్లో చట్టబద్ధంగానే పండుతున్నది. దశాబ్దాలపాటు విదేశాలకు ఎగుమతి అయింది. ఇక్కడి ఆస్పత్రికి మాత్రం 1985 మాదకద్రవ్యాల చట్టం కింద మార్ఫీన్ ఉంచుకోవడానికి అనేక లైసెన్సులు కావలసి వచ్చేవి. 2014 సవరణ ఆ చిక్కును సడలించింది గాని డాక్టర్ల భయాన్ని సడలించలేదు. సుమారు 200 కిలోమీటర్ల ప్రయాణం, కూలి పోగొట్టుకొని వెంట వచ్చే మనిషి, ఈ రెండూ అమరినవారికే బాధలేని చావు దక్కుతున్నది. దీన్ని వైద్యసమస్య అని ఎలా అనడం?

మన సాహిత్యమూ ఇందుకు మినహాయింపు కాదు. కథల్లో కార్మికుడు సమ్మెలో చస్తాడు, తూటాకు చస్తాడు. ఆర్నెల్లు దగ్గి దగ్గి చస్తే కథావస్తువు కాడు.

జిల్లాల్లో ఉపశమన సేవా కేంద్రాలు కొన్ని వెలిశాయి. మిత్రులు తమ జిల్లా కేంద్రానికి వెళ్ళి, మార్ఫీన్ మాత్రలు ఈ రోజు నిలవ ఉన్నవా, రాసిచ్చే డాక్టరు ఉన్నాడా అని అడగవలసి ఉన్నది.