దుబాసీ

ఇంట ఉర్దూ, తరగతిలో తెలుగు పలికే నాకు దుబాసీ విలువ తెలుసుననుకొన్నాను.

2020లో గండికోట జలాశయపు నీరు మా కొండాపురం మండలంలోని తాళ్లప్రొద్దుటూరును కమ్మినది మొదలు, నీటిమట్టం కొలిచే పరికరం చేయాలని మా మేనల్లుని పట్టుదల. 3.3 వోల్టుల సెన్సరును 5 వోల్టుల ఆర్డుయినోకు నేరుగా కలిపి ఒకటి కాల్చుకొన్నాడు. పిదప నడుమ టీఎక్స్‌బీ0108 ఉంచాడు. అదీ పలుకలేదు.

"మామూ, ఇది తీగను తానే పైకీ కిందికీ నెడుతూ దిశను ఊహించుకొంటుంది. ఐ-టూ-సీ తీగను పరికరాలు కిందికి లాగుతాయే గాని పైకి నెట్టవు. పైకెత్తేది పుల్-అప్ రెసిస్టరే. అందుకే పొసగలేదు" అన్నాడు.

విన్నదానికంటె ఎక్కువ పలికే దుబాసీలను నేనూ ఎరుగుదును! చివరకు రెండు బీఎస్ఎస్138 మాస్‌ఫెట్లు, నాలుగు రెసిస్టర్లు అక్కరకు వచ్చాయి.

తొట్టినీటి మట్టం తెరపై అంకెగా మెరిసిన రాత్రి, "ఎంతవరకు వచ్చాయి నీళ్లు?" అని మా ఆపా ఉర్దూలో అడిగింది. వాడు తెలుగులో చదివాడు.