లవం సరే, హారం ఎంత?

మన తెలుగువాళ్ళకి ర్యాంకులన్నా పర్సెంటేజీలన్నా చిన్నప్పటినుంచీ మహా మమకారం. ఫలితాలొచ్చిన రోజున టీవీలో "ఒకటి, ఒకటి, రెండు, మూడు, మూడు..." అంటూ ఊపిరి తీసుకోకుండా చదివే కార్పొరేట్ కాలేజీల ప్రకటనలు వింటూ పెరిగిన జాతి మనది. ఆ ర్యాంకులు నిజమే కావచ్చు. కానీ ఆ కాలేజీల్లో మొత్తం ఎంతమంది చేరారు, ఎంతమంది మధ్యలో మానేశారు అన్నది ఏ ప్రకటనా చెప్పదు. ఆరో తరగతి లెక్కల్లో నేర్చుకున్నాం కదా, భిన్నంలో పైనుండేది లవం, కిందుండేది హారం అని. లవాన్ని పెద్దక్షరాల్లో వేస్తారు, హారాన్ని మింగేస్తారు.

ఇంకో దేశంలో, ఇంకో చదువు విషయంలో, అచ్చం ఇదే తంతు ఈ ఏడాదిగా చూస్తున్నాను. ఆ చదువు పేరు ప్రాక్టికల్ నర్సింగ్.

మేముండేది టెక్సాస్‌లో. మా ఆవిడ గుంటూరులో బీకాం చదివింది, పెళ్ళయ్యాక హెచ్4 మీద ఇక్కడికొచ్చింది, మొన్నామధ్యే ఈఏడీ చేతికొచ్చింది. ఇదివరకైతే ఇలాంటప్పుడు మనవాళ్ళందరూ చెప్పే మాట ఒకటే: "మూణ్ణెల్లు టెస్టింగ్ నేర్పించండి, ఎవరో ఒకరు ప్రాజెక్టులో పెడతారు." 2022 చివర్లో మొదలైన లేఆఫుల తర్వాత ఆ దారి బాగా ఇరుకైపోయింది. పైగా తనకి ఆ పని మీద ఎప్పుడూ ఆసక్తి లేదు. వాళ్ళ నాన్నమ్మకి షుగరు. ఇంటర్ చదివే రోజుల్నుంచీ ఆవిడకి ఇన్సులిన్ ఇచ్చింది ఈవిడే. "నాకు ఆ పనే వచ్చండీ, అదే సరిగ్గా నేర్చుకుంటాను" అంది. సరే, కోర్సులు వెదకడం నా పని అయింది. ఈ సంగతి తెలిసి మరో ముగ్గురు స్నేహితులు కూడా ఫోన్లు చేసి అడిగారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒక టపా రాసేస్తే పోతుందని ఇది రాస్తున్నాను.

ముందు అసలిదేమిటో చెప్పాలి. ఎల్‌పీఎన్ అంటే లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్స్. టెక్సాస్, కాలిఫోర్నియాల్లో మాత్రం ఎల్‌వీఎన్, అంటే లైసెన్స్‌డ్ వొకేషనల్ నర్స్ అంటారు. పేరు వేరైనా పని ఒకటే, పరీక్షా ఒకటే. కోర్సు సుమారు ఏడాది. మనూళ్ళో ఉన్న ఏఎన్ఎం (రెండేళ్ళు), జీఎన్ఎం (మూడేళ్ళు)లలో దేనికీ ఇది సరిసమానం కాదు. ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) కంటే ఒక మెట్టు కింద. ఆర్ఎన్ లేదా డాక్టరు పర్యవేక్షణలో పనిచెయ్యాలి. మందులివ్వడం, ఇంజెక్షన్లు, డ్రెస్సింగులు, కాథెటర్లు, రోగిలో మార్పు కనబడితే వెంటనే పైవాళ్ళకి చెప్పడం, ఇవీ పనులు. ఉద్యోగాలు ఎక్కువగా ఉండేది పెద్ద ఆసుపత్రుల్లో కాదు, వృద్ధులుండే నర్సింగ్ హోముల్లో. 2024 మే నాటి ప్రభుత్వ లెక్కల్లో మధ్యస్థ జీతం ఏడాదికి 62 వేల డాలర్ల చిల్లర, ఆర్ఎన్‌లకైతే 93 వేల పైన. మన ఐటీ కళ్ళతో చూస్తే చిన్నదిగా కనిపించొచ్చు గానీ, ఒక్క జీతం మీద, అదీ హెచ్1బీ మీద నడిచే ఇంట్లో దాని విలువ వేరు.

వీసా గొడవ కూడా ఇక్కడే తేల్చేస్తాను. హెచ్4 మీద ఉన్నవాళ్ళు చదువుకోడానికి వీసా మార్చుకోనక్కర్లేదు. ఉద్యోగం చెయ్యాలంటే మాత్రం ఈఏడీ ఉండాలి. అది ఎక్కువగా హెచ్1బీ వాళ్ళ ఐ-140 ఆమోదం మీద ఆధారపడి ఉంటుంది. "నర్సులకి గ్రీన్ కార్డు తేలిక" అని ఎవరైనా చెబితే, వాళ్ళు చెప్పేది ఆర్ఎన్‌ల గురించి. లేబర్ సర్టిఫికేషన్ అక్కర్లేని షెడ్యూల్ ఏ జాబితాలో ఉన్నది ఆర్ఎన్‌లే, ఎల్‌పీఎన్‌లు కాదు. ఇంకొకటి. ప్రాజెక్టు మారితే ఊరు మారే కుటుంబాలు మనవి. నలభైకి పైగా రాష్ట్రాలు కలిసి పెట్టుకున్న నర్స్ లైసెన్సర్ కాంపాక్ట్‌లో టెక్సాస్ ఉంది, కాలిఫోర్నియా లేదు. ఆ కాంపాక్ట్ కింద అన్ని రాష్ట్రాల్లో చెల్లే లైసెన్సు కావాలంటే సోషల్ సెక్యూరిటీ నంబరు తప్పనిసరి. ఈఏడీ లేని హెచ్4 వాళ్ళు ఫీజు కట్టక ముందే ఆలోచించుకోవాల్సిన సంగతి ఇది.

ఇక సీటు సంపాదించడం. కమ్యూనిటీ కాలేజీల్లో ఫీజు తక్కువ, సీట్లూ తక్కువ. కొన్నిచోట్ల పాయింట్ల లెక్క, కొన్నిచోట్ల వెయిటింగ్ లిస్టు. చాలా కాలేజీలు టీస్ అనో హెసీ ఏ2 అనో ఒక ప్రవేశ పరీక్ష అడుగుతాయి. టీస్‌లో 209 నిమిషాల్లో 170 ప్రశ్నలు: చదివి అర్థం చేసుకోవడం, లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు. లెక్కలు మనవాళ్ళకి మంచినీళ్ళ ప్రాయం. బీకాం చదివినవాళ్ళని ఇబ్బంది పెట్టేది సైన్సు, అందులోనూ శరీర నిర్మాణం. దానికి రెండు మూడు నెలలు కూర్చోవాలి. ఇవికాక నేర చరిత్ర తనిఖీ, డ్రగ్ టెస్టు, సీపీఆర్ సర్టిఫికెట్, టీకాల కాగితాలు కావాలి. చిన్నప్పుడు వేయించుకున్న టీకాల చీటీ మన ఇళ్ళలో ఎవరు దాచారు గనక! రక్తపరీక్షతో యాంటీబాడీలు చూపించొచ్చు, లేదా మళ్ళీ వేయించుకోవాలి. ఈ పనులు ముందే మొదలుపెట్టండి. హెపటైటిస్ బీ టీకా మామూలుగా మూడు డోసులు, పూర్తవడానికి ఆర్నెల్లు పడుతుంది.

ప్రైవేటు స్కూళ్ళలో ఇంత తతంగం ఉండకపోవచ్చు. ఫోన్ నంబరిస్తే చాలు, రోజుకి రెండుసార్లు వాళ్ళే ఫోన్ చేస్తారు. ఫీజు మాత్రం కమ్యూనిటీ కాలేజీకి ఎన్నో రెట్లు. సీటు తేలిగ్గా దొరికినంత మాత్రాన చెడ్డ స్కూలనీ, కష్టమ్మీద దొరికితే మంచిదనీ అనుకోడానికి లేదు. మరెలా కొలవాలి?

అందరూ చూపించే కొలమానం పాస్ పర్సెంటేజీ. కోర్సయ్యాక రాసే లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్-పీఎన్. 1994 నుంచి ఇది కంప్యూటర్ మీదే. మీ జవాబుని బట్టి తర్వాతి ప్రశ్న మారుతుంది. కనీసం 85 ప్రశ్నలు, అత్యధికంగా 150, సమయం ఐదు గంటలు. మీ సామర్థ్యం పాస్ గీతకి పైనుందో కిందుందో 95 శాతం నమ్మకంగా తేలగానే పరీక్ష ఆగిపోతుంది. మన సర్టిఫికేషన్లకి డంప్స్ బట్టీ పట్టినట్టు పట్టి దీన్ని గట్టెక్కడం కష్టం. 2023 ఏప్రిల్ నుంచి ఒక రోగి కేసు మొత్తం ఇచ్చి, ఏది ముందు గమనిస్తావు, ఏం చేస్తావు అని అడిగే ప్రశ్నలూ చేర్చారు. పరీక్ష మంచిదే.

ఈ పరీక్షలో ఏ స్కూలు వాళ్ళు మొదటిసారే ఎంతమంది పాసయ్యారో టెక్సాస్ బోర్డ్ ఆఫ్ నర్సింగ్ తన సైట్లో పెడుతుంది. 80 శాతం కంటే తగ్గితే స్కూలుని ప్రశ్నిస్తుంది, అదే వరస కొనసాగితే హెచ్చరిక హోదాలోకి దించుతుంది. కాబట్టి స్కూళ్ళకి ఆ అంకె అంటే ప్రాణం. చిక్కంతా అక్కడే ఉంది.

ఊరికే ఊహించుకోండి. ఒక స్కూల్లో 48 మంది చేరారు. కోర్సు పూర్తి చేసింది 25 మంది. అందులో 24 మంది పాస్. బోర్డు మీద 96 శాతం! ఇంకో స్కూల్లో 30 మంది చేరారు, 26 మంది పూర్తి చేశారు, 23 మంది పాసయ్యారు. 88 శాతం. ప్రకటన చూస్తే మొదటిది గొప్ప. కానీ మొదటి స్కూల్లో చేరినవాళ్ళలో లైసెన్సు చేతికొచ్చింది సగం మందికే. రెండోదాంట్లో నలుగురిలో ముగ్గురికి. మీ ఇంటి మనిషి చేరేది "పూర్తి చేసినవాళ్ళ" జాబితాలో కాదు, "చేరినవాళ్ళ" జాబితాలో.

మనకి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, ఫెయిలవుతున్న టెస్ట్ కేసులన్నిటినీ కామెంట్ చేసేసి, బిల్డ్ పచ్చగా ఉందని మేనేజరుకి చూపించడం. :)

ఈ కామెంట్ చెయ్యడం ఎలా జరుగుతుందంటే, కొన్ని స్కూళ్ళు చివర్లో ఒక ఎగ్జిట్ పరీక్ష పెడతాయి. అది దాటితేనే "ఈ విద్యార్థి కోర్సు పూర్తి చేసింది" అని బోర్డుకి రాసిస్తాయి. దాటకపోతే ఫీజంతా కట్టినా, క్లినికల్స్ అన్నీ చేసినా, ఎన్‌క్లెక్స్ రాసే వీలే లేదు. ఫెయిలైనట్టు కూడా లెక్కల్లోకి రాదు. అలాగని ఎగ్జిట్ పరీక్షే తప్పని నేననను. తయారుగా లేనివాళ్ళని ఆపడం స్కూలు బాధ్యతే. ఆపాక ఏం చేస్తారన్నదే ప్రశ్న. మళ్ళీ చదివించి రాయిస్తారా, మళ్ళీ ఫీజడుగుతారా, చెయ్యూపి పంపేస్తారా?

పర్సెంటేజీ ఒక్కటే చాలదనడానికి ఇంకో నిదర్శనం. 2023 జనవరిలో ఆపరేషన్ నైటింగేల్ పేరుతో ఫెడరల్ అధికారులు ఒక వ్యవహారం బయటపెట్టారు. ఫ్లోరిడాలోని మూడు నర్సింగ్ స్కూళ్ళ పేరు మీద 7,600కి పైగా దొంగ డిప్లొమాలు, ట్రాన్స్‌క్రిప్టులు అమ్మారని 25 మంది మీద కేసులు పెట్టారు. అందులో ఆర్ఎన్‌వీ ఉన్నాయి, ఎల్‌పీఎన్‌వీ ఉన్నాయి. కొనుక్కున్నవాళ్ళలో సుమారు 2,400 మంది లైసెన్సు పరీక్ష పాసయ్యారు కూడా! ఫేక్ ఎక్స్‌పీరియన్స్ గురించి మన ఫీల్డులో జోకులేసుకుంటాం గానీ, అక్కడ ఎదురుగా ఉండేది సర్వరు కాదు, మంచం మీద మనిషి. మంచి పరీక్ష కూడా పట్టుకోలేనిది ఒకటుంది: చెయ్యకుండా ఎగ్గొట్టిన క్లినికల్ గంటలు.

టెక్సాస్‌లో ఎల్‌వీఎన్ కోర్సుకి కనీసం 1,398 గంటలుండాలి. అందులో 840 క్లినికల్, అంటే సగానికి పైగా చేతిపనే. ఒక్క బోధకురాలే ఉంటే రోగుల దగ్గర ఆమె కింద పదిమందికి మించి విద్యార్థులు ఉండకూడదు. ఈ గంటలు ఎక్కడ జరుగుతాయన్నది అడగాల్సిన ప్రశ్న. కొంత భాగం బొమ్మలతో సిమ్యులేషన్ అంటారు. అది దానంతటది మోసం కాదు. ఆర్ఎన్ కోర్సుల మీద 2014లో వచ్చిన జాతీయ అధ్యయనంలో, శిక్షణ పొందిన బోధకులతో సరిగ్గా చేయిస్తే క్లినికల్ గంటల్లో సగం దాకా సిమ్యులేషన్ పెట్టినా ఫలితాల్లో తేడా రాలేదు. అలమరలో బొమ్మ పెట్టి తాళమేస్తే మాత్రం అది సిమ్యులేషన్ కాదు.

మేం చూసిన ఒక ప్రైవేటు స్కూలు గోడ మీద పాస్ పర్సెంటేజీ మనిషంత ఎత్తున రాసుంది. అడ్మిషన్స్ ఆవిణ్ణి "కిందటి బ్యాచిలో ఎంతమంది చేరారండీ, ఎంతమంది పూర్తి చేశారు?" అని అడిగాను. "కష్టపడే విద్యార్థులందరూ పూర్తి చేస్తారు" అంది నవ్వుతూ. అంకె అడిగాను. ఈ శుక్రవారంలోగా డిపాజిట్ కడితే సీటు ఖాయమంది. మా ఆవిడ ఊరుకోక, క్లినికల్స్ ఏ నర్సింగ్ హోములో అని అడిగింది. "చేరాక చెబుతాం" అంది. తర్వాత ఒక కమ్యూనిటీ కాలేజీకి వెళ్తే, అక్కడి ప్రోగ్రాం డైరెక్టరు మూడు బ్యాచిల అంకెలు కాగితమ్మీద రాసిచ్చింది. ఎంతమంది మానేశారో, ఎందుకు మానేశారో కూడా చెప్పింది. అంకెలు అద్భుతంగా ఏం లేవు. దాచలేదు, అంతే.

వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళడానికి ప్రశ్నలివిగో:

1. బోర్డు ఆమోదం ఏ హోదాలో ఉంది? పూర్తి ఆమోదమా, హెచ్చరికతోనా? బోర్డు సైట్లో మీరే చూసుకోండి. ఏసీఈఎన్ లాంటి అక్రెడిటేషన్ దీనికి అదనం. బోర్డు ఆమోదం లేకపోతే లైసెన్సు సంగతి మర్చిపోవచ్చు.

2. గత మూడు బ్యాచిల్లో చేరినవాళ్ళెందరు, సమయానికి పూర్తి చేసినవాళ్ళెందరు, మొదటిసారే పాసైనవాళ్ళెందరు?

3. ఎగ్జిట్ పరీక్ష ఉందా? తప్పితే ఏమవుతుంది, ఎంత కట్టాలి? నోటిమాట కాదు, కాగితమ్మీద చూపించమనండి.

4. క్లినికల్స్ ఎక్కడెక్కడ? సిమ్యులేషన్ ఎంత శాతం?

5. తర్వాత ఆర్ఎన్ చదవాలంటే ఈ క్రెడిట్లు ఏ కాలేజీ తీసుకుంటుంది? ఆ కాలేజీకే ఫోన్ చేసి నిర్ధారించుకోండి.

నర్సింగ్ హోముల్లో ఒక్కో షిఫ్టులో ఒక్క ఎల్‌వీఎన్ చేతికింద ఇరవై ముప్పై మంది వృద్ధులుండటం మామూలే. ఆ రాత్రి ఎవరికి ఇన్సులిన్ ఎంతివ్వాలో, ఎవరికి అసలివ్వకూడదో తేల్చుకోవాల్సింది ఆ మనిషే. రేపు మనమో, మన పక్కింటాయనో ఆ మంచం మీద ఉండొచ్చు. స్కూలు గురించి ఇంత ఆరా ఎందుకని అడిగినవాళ్ళకి నా జవాబు అదే.

మా ఆవిడ ఆ కమ్యూనిటీ కాలేజీ వెయిటింగ్ లిస్టులో ఉంది. ఈలోగా సీఎన్ఏ (నర్సింగ్ అసిస్టెంట్) చేసి ఒక నర్సింగ్ హోములో వారానికి మూడు రోజులు పనిచేస్తోంది. పని తనకి పడుతుందో లేదో ఏడాది ఫీజు కట్టకముందే తెలుసుకోడానికి ఇంతకంటే చవకైన మార్గం నాకు కనబడలేదు. మీ ఇళ్ళలో ఎవరైనా ఈ కోర్సు చేసుంటే, మొదటిరోజు క్లాసులో ఎంతమంది ఉన్నారో, చివరిరోజు ఎంతమంది మిగిలారో చెప్పండి. ఏ ప్రకటనలోనూ దొరకని అంకెలు అవే.