పోటు తీసేదాకా

మిచౌంగ్ తుఫాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వారంలోనే దివిసీమకు బయల్దేరాను. గుడివాడలో టీ తాగి బందరు బస్సెక్కితే దారి పొడవునా పడిపోయిన వరి, నీళ్లలో నానుతున్న పనలు, రోడ్డు వారన పట్టాల మీద ఆరబోసిన ధాన్యం. బస్సులో అందరి మాటా తేమ శాతం గురించే. పదిహేడు దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు.

బందరులో ఒక పూట ఆగాను. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి దాదాపు 30 వేల మందిని పొట్టన పెట్టుకున్న ఊరిది. ఇప్పుడు ఇదే ఊళ్లో ఉన్న రాడార్ వందల కిలోమీటర్ల అవతలే తుఫానును పసిగడుతోంది. హల్వా కొనుక్కుని చల్లపల్లి మీదుగా పులిగడ్డ, అవనిగడ్డ దాటి నాగాయలంక వైపు వెళ్లాను.

అక్కడ రోడ్డు పక్క చేలో భార్యాభర్తలు పనలకు మందు కొడుతున్నారనుకుని ఆగాను. మందు కాదు, ఉప్పు.

"లీటరుకు యాభై గ్రాములండీ. ఇరవై లీటర్ల ట్యాంకుకు కిలో. పన తిరగేసి రెండో పక్క కూడా కొట్టాలి, లేకపోతే మొలకొచ్చేస్తది" అన్నాడాయన.

ఆవిడ మోకాలి లోతు బురదలో వంగి ఒక్కో పన తిప్పుతుంటే ఆయన వెనకే పిచికారీ చేసుకుంటూ వస్తున్నాడు. ఒక వెన్ను తుంచి చూశాను. పైగింజలు బాగానే ఉన్నాయి. నేలకు ఆనినవాటికి మాత్రం కొసన నువ్వుగింజంత తెల్లటి మొలక. ఉప్పునీరు తగిలితే గింజ తడి పీల్చుకోవటం తగ్గి మొలక ఆగుతుంది. అలా రెండు మూడు రోజులు గడువు దొరుకుతుంది. ఆ గడువులోగా చేలో నీళ్లు పోవాలి. అవి పోవటం లేదు.

బోదెలు తీశారు, గట్లు గండి కొట్టారు. అయినా నీళ్లు కదలవేం అని అడిగితే ఆయన దక్షిణం వైపు చెయ్యి చూపించాడు. "పోటు మీదుందండీ. సముద్రం తీస్తేనే డ్రెయిను లాగేది."

ఈ పొలాలు సముద్రమట్టానికి ఎంతో ఎత్తులో లేవు. మురుగు కాలువలన్నీ చివరికి ఉప్పునీటి పాయల్లోనే కలుస్తాయి. పోటు వేళ ఆ పాయలు నిండి కాలువను వెనక్కి నెడతాయి, పాటు వేళ కాస్త దారిస్తాయి. రోజుకు రెండుసార్లు ఇదే వరస. కాలువలో గుర్రపుడెక్క అల్లుకుంటే ఆ దొరికే కాసేపూ దండగే. పైగా 12న అమావాస్య, పోటు ఇంకా పెరుగుతుంది. వేసవిలోనే పూడిక తీయించి ఉంటే ఈ చేలో సగం నీళ్లు అప్పటికే పోయి ఉండేవి.

భోజనం వాళ్లింట్లోనే పెట్టారు. ఎండురొయ్యలు వేసిన గోంగూర, వేడన్నం, మజ్జిగ. పంట నీళ్లలో ఉన్న ఇంట్లో నాకు కొసరి కొసరి వడ్డిస్తుంటే ముద్ద మింగుడు పడలేదు. వసారాలో కూర్చున్న ఆయన తల్లి "తిను నాయనా, గాలి తిరిగిందిలే, ఇంక భయం లేదు" అంది. తూర్పుగాలి పడమటికి మళ్లితే గండం గడిచినట్టేనని ఆమె లెక్క.

ఆ లెక్క ఆమెకు 1977 నవంబరు 19 శనివారం నేర్పింది. తుఫాను తీరం దాటింది చీరాల దగ్గర, మునిగింది దివిసీమ. మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతుంది. అది కదిలే దారికి కుడిపక్కన ఉన్న తీరం మీదికే సముద్రాన్ని తోస్తుంది. అయిదారు మీటర్ల ఎత్తున నీళ్లు లేచి సొర్లగొంది లాంటి ఊళ్లను తుడిచేశాయి. అధికారిక లెక్కలోనే చనిపోయినవాళ్లు దాదాపు పదివేలు. ఆమె తుమ్మచెట్టు పట్టుకుని తెల్లవార్లూ ఉందట. ముళ్లు దిగిన మచ్చలు చేతి మీద చూపించింది. "ఆ తర్వాత రెండేళ్లు చేలో ఉప్పు తెల్లగా పేరేది" అంది.

మిచౌంగ్ కూడా అటువైపే, బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఈసారి ముందే హెచ్చరిక అందింది, తుఫాను షెల్టర్లు ఉన్నాయి, ఆ ఇంటిల్లిపాదీ క్షేమం. మనుషుల్ని కాపాడటం మన ప్రభుత్వాలు నేర్చుకున్నాయి, అది చిన్న విషయం కాదు. కానీ ఈ దంపతులు కౌలు రైతులు. పంట పోయినా కౌలు బస్తాలు కొలవాల్సిందే. కౌలు కార్డు కావాలంటే అప్పట్లో భూమి యజమాని సంతకం పెట్టాల్సి ఉండేది. వీళ్లకు పెట్టలేదు. అంటే నష్టపరిహారం జాబితాలో, ఆ బురదలో వంగినవాళ్ల పేర్లుండవు. ఇది అన్యాయం.

మర్నాడు హంసలదీవి వేణుగోపాలస్వామి దర్శనం, సాగర సంగమం చూసి తిరిగొచ్చాను.

సంక్రాంతికి ఫోన్ చేశాను. ధాన్యం రంగు మారిందని బస్తాకు 1,637 రూపాయల మద్దతు ధర దక్కలేదట. కోతకు ముందు చల్లిన మినుములు కుళ్లిపోతే, అప్పు చేసి మళ్లీ చల్లారట. అవి మొలిచాయి. "మంచు ఎక్కువగా పడతందండీ, బూడిద తెగులు రాకుండా ఉంటే గట్టెక్కినట్టే" అన్నాడాయన.