పచ్చ అట్టల వెనుక మనుషులు

ఇంగ్లండ్‌లోని పాత పుస్తకాల అంగళ్లలోనూ ఛారిటీ షాపుల్లోనూ ఒక తరహా పాఠకులు తరచు తారసపడతారు. వారు ముందుగా పుస్తకాల పేర్లు చదవరు. వరుసలో ఆకుపచ్చ వెన్ను ఎక్కడుందో చూస్తారు. అపరాధ పరిశోధన నవలలకు పెంగ్విన్ సంస్థ కేటాయించిన రంగు అది. ఒక్కో ప్రతి కొన్ని పౌండ్లకే దొరకడం వల్ల ఈ వ్యసనం మధ్యతరగతి ఇళ్లలో కూడా నిరపాయంగా వర్ధిల్లుతూ వచ్చింది.

1935లో అలెన్ లేన్ పది పుస్తకాలతో, ఒక్కొక్కటి ఆరు పెన్నీల ధరకు, పెంగ్విన్ ప్రచురణలు ప్రారంభించారు. నవలకు నారింజ, జీవిత చరిత్రకు ముదురు నీలం, నేర కథకు ఆకుపచ్చ. తొలి పదిలో పచ్చవి రెండు: ఐదో సంఖ్యగా డొరొతీ సేయర్స్ నవల, ఆరో సంఖ్యగా అగాథా క్రిస్టీ మొట్టమొదటి నవల. హక్కుల చిక్కు వల్ల ఆరో సంఖ్య స్థానంలో క్రిస్టీదే మరో నవల '6ఎ'గా వెలువడింది. సేకర్తలకు ఇటువంటి తిరకాసులే పండుగ.

ఆ అట్టలపై హత్య ఛాయ కూడా కనిపించదు. రెండు పచ్చ పట్టీలు, నడుమ ఒక తెల్ల పట్టీ, లండన్ జంతుప్రదర్శనశాలకు వెళ్లి ఎడ్వర్డ్ యంగ్ గీసుకొచ్చిన పక్షి బొమ్మ, అంతే. చవక నేర కథలంటే నెత్తురు కత్తులు, కెవ్వుమనే స్త్రీలు అట్టకెక్కే రోజుల్లో ఈ నిగ్రహం పాఠకుని వివేకాన్ని గౌరవించింది.

1960ల నాటికి ఆ నిగ్రహం పాతబడింది. కళా విభాగం బాధ్యత స్వీకరించిన జెర్మానో ఫచెట్టి, నేర కథల వరుసకు కొత్త రూపం ఇవ్వమని కొందరు రూపశిల్పులను అడిగారు. 1961లో రోమెక్ మార్బర్ ప్రతిపాదన ఎంపికైంది. అట్టలో పై మూడో వంతు సన్నని గీతల మధ్య సంస్థ గుర్తుకు, నవల పేరుకు, రచయిత పేరుకు. కింది రెండు వంతులు బొమ్మకు. పాత పచ్చదనాన్ని విడిచిపెట్టకుండా కాస్త తేలిక చేశారు. సేయర్స్ నవలల అట్టలపై ఒకే చిన్న తెల్లని మనిషి ఆకారం వేర్వేరు భంగిమల్లో ప్రత్యక్షమవుతుంది. శవాన్ని చూపకుండానే మరణాన్ని స్ఫురింపజేసే బొమ్మ అది. రూపశిల్పశాస్త్ర తరగతుల్లో ఈ అమరికను నేటికీ 'మార్బర్ గ్రిడ్' అనే పేరుతో ప్రస్తావిస్తారు.

ఈ అట్టలను సేకరించేవారిలో చాలామంది ఆ పేరు దగ్గరే ఆగిపోతారు. దాని వెనుక మనిషిని వెతికినవారికి మాత్రం అలమర మునుపటిలా కనిపించదు. మార్బర్ 1925లో పోలండ్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. 1942లో బోహ్నియా పట్టణం నుంచి బెల్జెచ్ మరణశిబిరానికి తరలింపు జరుగుతున్నప్పుడు, అక్కడ నిర్బంధ కార్మికుల కార్ఖానా నడుపుతున్న గెర్హార్డ్ కుర్జ్‌బాఖ్ అనే జర్మన్ సైనికోద్యోగి కాపాడినవారిలో ఆయన ఒకరు. 1946లో బ్రిటన్ చేరారు. ఆయనకు పని అప్పగించిన ఫచెట్టి కూడా మౌట్‌హౌజెన్ శిబిరం నుంచి ప్రాణాలతో బయటపడ్డ ఇటాలియన్.

ప్రతి హత్యకూ ఒక హంతకుడు, ప్రతి హంతకునికీ ఒక శిక్ష, చివరి పేజీలో లోకం మళ్లీ యథాస్థితి: ఇదీ ఆ నవలల హామీ. లెక్కకందని హత్యలను, చాలావరకు దొరకని హంతకులను ఎరిగిన ఇద్దరు మనుషులు ఆ హామీకి అట్టలు వేయించారు, వేశారు. ఆ బొమ్మల్లోని నలుపును ఆ అనుభవంతో ముడిపెట్టడం తొందరపాటే. తెలిసిన తర్వాత తెలియనట్టు చూడడం కూడా సాధ్యం కాదు.

పుస్తక విపణి ఈ సంగతిని తూకం వేయదు. వెన్ను వెలిసిందా, మూల మడిగిందా, పాత యజమాని సంతకం ఉందా అన్నవే దాని కొలతలు. పెంగ్విన్ అట్టలు ఇప్పుడు కాఫీ కప్పుల మీదికీ పోస్టుకార్డుల మీదికీ చేరాయి. అలంకారంగా మారిన బొమ్మకు గీసినవాని చరిత్ర అక్కర్లేదు. నిజమైన సేకర్తకు కావాలి. అందుకే వెనుక అట్ట మీద చిన్న అక్షరాల్లో అచ్చైన రూపకర్త పేరును అతడు ధర కన్నా ముందు చదువుతాడు.

తెలుగు పాఠకుడు ఆ చిన్న అక్షరాల దగ్గర ఒక క్షణం ఆగక తప్పదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌ను, అసిస్టెంట్ రాజును తరాల పాఠకులు అద్దె పుస్తకాల షాపుల్లో తెచ్చుకుని చదివారు. చేతులు మారి చిరిగిపోయే ఆ పుస్తకాలకు షాపువారు గట్టి అట్టలు వేసి, దారంతో కుట్టి ఆయుష్షు పెంచేవారు. కథ బతికింది, తొలి ముఖచిత్రం చాలాచోట్ల ఆ కుట్టుకే బలైంది. బాపు వంటివారి సంతకాన్ని ఎవరైనా గుర్తుపడతారు. తుపాకీ పట్టిన చేతినీ సగం తెరిచిన తలుపునూ గీసి పాఠకుణ్ణి షాపు మెట్లెక్కించిన ఎందరో చిత్రకారుల పేర్లు నేటి పాఠకులకు తెలియవు. పునర్ముద్రణలో కథ తిరిగి వస్తుంది. ఆ అట్ట రాదు.

కనుక ఎవరి అటక మీదైనా ముఖచిత్రం చెక్కుచెదరని పాత డిటెక్టివ్ నవల ఒకటి ఉంటే, దాన్ని తూకానికి వేసే ముందు బొమ్మ మూల కాస్త వెలుతురుకి తిప్పి చూడాలి. అక్కడ పొడి అక్షరాల్లో ఒక సంతకం ఉండవచ్చు. దాన్ని ఒక కాగితం మీద రాసి పుస్తకంలో పెట్టడానికి అరనిమిషం చాలు.