తల్లినీళ్ల వెంట బ్యాంకాక్

థాయ్ భాషలో నదిని 'మేనామ్' అంటారు. 'మే' అంటే తల్లి, 'నామ్' అంటే నీళ్లు. గోదారి తల్లి అని పిలుచుకునే మనకు ఆ మాట కొత్తగా అనిపించదు. బ్యాంకాక్‌లో పారే మేనామ్ పేరు చావ్ ఫ్రయా. ఉత్తరాన నఖోన్ సవాన్ దగ్గర పింగ్, నాన్ నదులు కలిసిన చోట పుట్టి, 370 కిలోమీటర్లకు పైగా నడిచి సముద్రంలో కలుస్తుంది. బ్యాంకాక్ ఆ నడక చివర్లో వస్తుంది.

ఎవరు బ్యాంకాక్ వెళ్తున్నామన్నా నేను చెప్పే మాట ఒకటే: ముందు పడవెక్కండి. నీటి ఒడ్డున పుట్టి పెరిగిన ఊరది. రోడ్లు తర్వాత వచ్చాయి. వాటిలో కొన్ని, పూడ్చేసిన కాలవల మీద వేసినవే. రోడ్డు మీద ట్యాక్సీలో చిక్కుకుంటే సగం పూట అక్కడే పోతుంది.

నొంతబురి నుంచి మొదలుపెడితే మంచిది. చాలా ఎక్స్‌ప్రెస్ పడవలకు ఉత్తరాన అదే చివరి రేవు, నంబరు ఎన్ 30. పడవ వెనక కట్టిన జెండా రంగు చూసి ఎక్కాలి. నారింజ జెండా పడవ రోజంతా తిరుగుతుంది, ఎంత దూరమైనా ఒకటే టికెట్టు, అదీ చవక. నీలం జెండాది పర్యాటకుల పడవ, దానికి ఎక్కువ పెట్టాలి. పెద్ద రేవుల్లో ముందు ఆ టికెట్టే చూపిస్తారు. "నారింజ" అని నిలబడి అడగండి. కండక్టరు పొడవాటి లోహపు గొట్టం గలగలలాడిస్తూ వస్తుంది, చిల్లర దగ్గర పెట్టుకోండి. పడవ రేవులో ఆగేది క్షణాలే. వెనక నిలబడ్డ మనిషి ఈల వేసి పడవను ఒడ్డుకు చేరుస్తాడు. మీ రేవు వచ్చేముందే లేచి పడవ వెనక్కి చేరుకోవాలి. భిక్షువులకు విడిగా చోటుంటుంది, అక్కడ నిలబడొద్దు. ఆడవాళ్లు భిక్షువులకు తగలకుండా పక్కకు జరగడం అక్కడి మర్యాద.

కిందికి దిగుతుంటే కుడి ఒడ్డున బ్యాంకాక్ నోయ్ కాలవ మొగ కనిపిస్తుంది. నిజానికి పాత నది అదే. ఒకప్పుడు చావ్ ఫ్రయా ఇక్కడ పడమరకు పెద్ద వంపు తిరిగేది. 16వ శతాబ్దంలో, ఓడల దారి తగ్గించడానికి, ఆ వంపు మెడ దగ్గర అడ్డంగా కాలవ తవ్వించారు. నీళ్లు దగ్గరి దారి పట్టాయి, కాలవే నది అయింది, నది కాలవైపోయింది. రాజభవనం ముందు ఇవాళ మనం చూసే అంత వెడల్పు నీరు మనుషులు తవ్వినదంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

తా చాంగ్ అంటే ఏనుగుల రేవు. రాజుగారి ఏనుగులు స్నానానికి దిగిన చోటు. 1782లో మొదటి రాముడనే రాజు కట్టించడం మొదలుపెట్టిన రాజభవనానికి ఇక్కడే దిగాలి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. పొద్దున్నే తెరిచేసరికి వెళ్లండి, తర్వాత ఎండా జనమూ రెండూ ముదురుతాయి. ఇంకొక్క మాట. ఒకసారి గోడ పక్కన నడుస్తుంటే శుభ్రమైన చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన, "ఇవాళ భవనం మూసేశారు, వేరే గుళ్లు చూపిస్తాను" అని టుక్‌టుక్ చూపించాడు. ఎక్కితే తేలేది రత్నాల దుకాణంలోనే. ద్వారం దాకా నడిచి మీ కళ్లతో చూసుకోండి. లోపల పచ్చల బుద్ధుడి గుడి చుట్టూ గోడల మీద 178 చిత్రాల్లో రామకియెన్, అంటే వాళ్ల రామాయణం, ఉంది. రావణుడు అక్కడ థోత్సకన్, మన దశకంఠుడే. తెలుగువాళ్లు ఒక గంట దానికే ఉంచుకోవాలి. ఏ గైడూ అక్కర్లేకుండా కథ చదువుకోగలిగే అదృష్టం మనది.

తర్వాతి రేవు తా తియెన్. పక్కనే వాట్ ఫో గుడి, అందులో 46 మీటర్ల శయన బుద్ధుడు. ఎదురు ఒడ్డుకు కొద్దిపాటి బాట్లు తీసుకుని పంటు దాటిస్తుంది, వాట్ అరుణ్‌కు. సూర్యుడి సారథి అరుణుడి పేరే అది. పింగాణీ ముక్కలు పొదిగిన గోపురం. పేరు ఉదయానిదే అయినా, చూడాల్సింది సాయంత్రం, తా తియెన్ ఒడ్డు నుంచి, సూర్యుడు దాని వెనక దిగుతున్నప్పుడు.

పూల బజారు పాక్ ఖ్లాంగ్ తలాత్, చైనా వీధులకు దారితీసే రాచవోంగ్ రేవు వరసగా వస్తాయి. శాకాహారులకు ఇక్కడ జాగ్రత్త కావాలి. కూరగాయల వేపుడని తెచ్చినా అందులో చేపల రసం పడుతుంది. పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉన్న దుకాణం వెతకండి. దాన్ని 'జే' అంటారు. మాంసం, చేపలు, గుడ్లే కాదు, వెల్లుల్లి కూడా తగలదు. మిగతాచోట్ల "మాయ్ సాయ్ నామ్ ప్లా" అనండి, చేపల రసం వేయొద్దని. చివర మగవాళ్లు 'ఖ్రాప్', ఆడవాళ్లు 'ఖా' చేర్చితే ఎదుటివాళ్ల ముఖం విప్పారుతుంది.

సాథోన్ రేవు మెట్లెక్కితే ఆకాశరైలు స్టేషను. పడవల మజిలీ చాలామందికి ఇక్కడితో సరి. నది మాత్రం ఇంకా పోతూనే ఉంటుంది. రైల్లో సియామ్ దాకా వెళ్లి మారితే పాక్ నామ్ స్టేషనుకు చేరవచ్చు. పాక్ అంటే నోరు, నీటి నోరు. అక్కడి బజారు వెనక రేవులో ఫెర్రీ ఎక్కి అవతలికి దాటండి. అక్కడ తెల్లటి ఫ్రా సముత్ చేది స్తూపం ఉంది. కట్టినప్పుడు అది నది నడుమ లంక మీద ఉండేది. నది మోసుకొచ్చిన ఒండ్రు మేట వేసి, ఇప్పుడది ఒడ్డున ఉంది.