ప్రమాణము

తెలుగు మాధ్యమమున చదివినవాడు ఇంజనీరు కాగలడా యని మా తండ్రిగారిని పలువు రడిగిరి. నేడు మేము బెంగళూరులో, కార్ల కంపెనీలకు వాహన రూపకల్పన చేసియిచ్చు ఒక సంస్థలో పనిచేయుచున్నాము. చేరి రెండేండ్లయినది. వాహనముపై మా పేరుండదు. బాధ్యత మాత్ర ముండును.

2023లో మన దేశమున ఆరంభమైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలలో ఒకదానియందు, గంటకు 50 కిలోమీటర్ల వేగముతో వచ్చు అడ్డు కారు ప్రక్కను ఢీకొనును. కారు తయారుకాక మునుపే ఆ దెబ్బను మేము కంప్యూటరుపై లెక్కింతుము. తలుపును వేలకొలది చిన్నముక్కలుగా విభజించి, ఒక్కొక్కటి ఎంత వంగునో చూతుము.

ఈ లెక్కలో పొడవు మిల్లీమీటర్లలోను, ద్రవ్యరాశి టన్నులలోను ఉండవలెను. మొదటి యేట, తలుపులోని ఉక్కుకడ్డీ సాంద్రతను మేము కిలోగ్రాములలో వ్రాసితిమి. రెండు కిలోల కడ్డీ రెండు టన్నులైనది! తలుపు లోనికి వంగనేలేదు. మేము సంతోషించితిమి. మా పై ఇంజనీరుగారు మొదట బరువు చూచి, "ఈ కడ్డీని నీవు ఎత్తగలవా?" అనిరి. సిగ్గుతో తల వంచుకొంటిమి. ఆ తప్పు దొరకకున్నచో, ఆ తలుపు ప్రక్కన కూర్చుండువారి గతి యేమి?

ఎనిమిదవ తరగతిలో మా మాష్టారు, ప్రమాణము వ్రాయని జవాబునకు అర మార్కు తగ్గించెడివారు. అన్యాయ మనుకొంటిమి. ఇంగ్లీషు పదములు పనిలో చేరిన కొలది నెలలకే పట్టుబడినవి. ఆ అర మార్కు విలువ తెలియుటకు ఇంతకాలము పట్టినది.

విద్యార్థులారా, ఏ భాషలో నేర్చినను కిలోగ్రాము కిలోగ్రామే. జవాబు ప్రక్కన ప్రమాణము వ్రాయుట మరువకుడు.