పచ్చిక మీద డాలరు మచ్చ

పోయిన జూన్‌లో ఒకరోజు తెల్లవారుజామున మా ఇంటి ముందు పచ్చిక మీద తెల్లటి బూజు కనిపించింది. మంచు తడిలో సాలెగూడు పరిచినట్టుంది. ఎండెక్కేసరికి బూజు పోయింది గానీ, అక్కడి గడ్డి గుండ్రంగా ఎండుగడ్డి రంగుకు తిరిగింది. ఒక పోచ తెంపి చూశాను. మధ్యలో ఎండిన మచ్చ, పైనా కిందా ఎర్రమట్టి రంగు అంచు. అద్దంకిలో ఉన్న బాబాయికి వీడియో కాల్‌లో చూపించాను. నలభై ఏళ్ళుగా మిరప వేస్తున్న మనిషి.

"తెగులేరా అబ్బాయ్. మన మిరప కాయకుళ్ళు లాంటిదే. ఏం మందు కొట్టావు?"

"ఇంకా ఏం కొట్టలేదు బాబాయ్."

నేనుండే న్యూజెర్సీలో దీన్ని డాలర్ స్పాట్ అంటారు. గోల్ఫ్ మైదానాల్లో పొట్టిగా కత్తిరించిన గడ్డి మీద మచ్చ డాలరు బిళ్ళంత ఉంటుంది. ఇక్కడి రట్గర్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు దీని మీద ఏళ్ళ తరబడి పనిచేస్తున్నారు. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క జన్యువును బెంట్‌గ్రాస్ అనే గడ్డిలో పెట్టి చూశారు. తెగులు ఆలస్యమైందే గానీ ఆగలేదు. ఆ తర్వాత తేలిన సంగతి నాకు మరీ నచ్చింది. రెడ్ ఫెస్క్యూ అనే గడ్డి లోపల ఎపిక్లోయీ అనే శిలీంద్రం కాపురముంటుంది. అదున్న గడ్డిని డాలర్ స్పాట్ అంతగా బాధించదు. కారణమేమిటా అని రట్గర్స్‌లోని ఫెయిత్ బెలాంజర్ బృందం వెదికితే, ఆ శిలీంద్రం వదిలే ఒక ప్రోటీన్ తెగులు శిలీంద్రాన్ని చంపుతోందని తెలిసింది. ముల్లును ముల్లుతోనే తీయడం! ఆ జన్యువును వేరే గడ్డికి అందించే దారి తెరుచుకుంది.

ఇదంతా విని బాబాయి ఒకటే అడిగాడు. "అదేదో మిరపకు పెట్టరాదా?"

న్యాయమైన మాట. కాయకుళ్ళు సోకితే, కాయ పండే వేళకు దాని మీద చిన్న గుంట పడుతుంది, అందులో నల్లటి వలయాలు. కళ్ళంలో ఆరేసరికి అది తాలు. అమ్మా పిన్నీ పొద్దస్తమానం వంగి తాలు ఏరేవాళ్ళు. రాత్రి అన్నం కలపబోతే వేళ్ళు భగ్గున మండేవి, అమ్మ గరిటెతో కలుపుకునేది. జన్యువు మార్చి 2002లో తెచ్చిన బీటీ పత్తి, పురుగును తట్టుకోవడం కోసం చేసింది. కాయకుళ్ళును తట్టుకునే జన్యుమార్పిడి మిరప మాత్రం మన రైతు చేతికి రాలేదు.

భయపడాల్సిన సంగతీ ఉంది. కలుపు మందును తట్టుకునేలా మార్చిన బెంట్‌గ్రాస్‌ను ఒరెగాన్‌లో వేస్తే, దాని పుప్పొడి 21 కిలోమీటర్ల దూరం పోయిందని 2004లో తేల్చారు. అద్దంకిలో లేచిన గాలి మేదరమెట్ల దాటిపోయినట్టు. అయితే ఆ జన్యువు ఉన్నది మందు కొట్టడానికి వీలుగా. తెగులును ఆపే జన్యువు పని మందు తగ్గించడం. రెంటినీ ఒకే గాటన కట్టేస్తే నష్టపోయేది మిరప రైతే. మిరప గడ్డిలా గాలికి పుప్పొడి చల్లే మొక్క కూడా కాదు. ఈ పని గుంటూరు దగ్గర లాం పరిశోధన కేంద్రం లాంటి ప్రభుత్వ సంస్థలో జరగాలని నా కోరిక, విత్తనం రైతు ఇంట్లోనే ఉండాలి గనక.

లాం నుంచి వచ్చిన 334 రకం మిరప వేసే రోజుల్లో బాబాయి ప్రతి ఏడూ మచ్చలేని ఎర్రకాయలు ఏరి, గింజలు తీసి, బూడిద కలిపి కుండలో దాచేవాడు. కాయకుళ్ళు గింజ వెంటే వస్తుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.